గంజి చీర, నాలుగు గ్లాసుల సి విటమిన్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదైనా ఉంటే, దాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టి ఉండరని నా నమ్మకం. ఇరవై రెండేళ్ళ వయసు. బాపట్లలో చదువుకున్న బీయస్సీ, అందులో కెమిస్ట్రీకి వచ్చిన ఫస్టు క్లాసు, దాని మీద ఒక బీయీడీ. ఇంతకన్నా ఎక్కువ జ్ఞానం మనిషి తలలో పట్టదనుకునేదాన్ని. తెనాలిలో మా వీధిలో ఎవరికి తలనొప్పి వచ్చినా, ఎవరింట్లో పాలు విరిగినా, ఎవరి వెండి పట్టీలు నల్లబడినా మా అమ్మ గర్వంగా నన్ను పిలిచేది. నేను కూడా ఒక్క క్షణం ఆలోచించకుండా కారణం చెప్పేసేదాన్ని (ఆలోచిస్తే తెలియదనుకుంటారని భయం). ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద కోపం రాదు. అంత ధైర్యం ఆ తర్వాత ఎప్పుడూ నాకు అంత తేలిగ్గా దొరకలేదు.

చదువు అయిన ఏడాదే రేపల్లెలో ఒక మిషన్ ఆడపిల్లల స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. పిల్లల హాస్టలు, మా టీచర్ల గదులు, వంటిల్లు అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. శనివారం మధ్యాహ్నం పాసింజరెక్కి తెనాలి, ఆదివారం సాయంత్రం అదే బండిలో తిరిగి రేపల్లె. మాది పూజలూ నోములూ ఉన్న ఇల్లు కాబట్టి, ఏ పని మొదలెట్టినా ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసే పద్ధతి నాకు కొత్త. బడి గంటకు ముందు ప్రార్థన, టిఫినుకు ముందు ప్రార్థన, పరీక్ష పేపర్లు పంచే ముందు ప్రార్థన, ఒకసారి కొత్త చీపుళ్ళు కొన్న రోజున కూడా ప్రార్థన జరిగింది. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నేను తల మాత్రం వంచి, కళ్ళు తెరిచే ఉంచి, ఆ కాస్త వ్యవధిలో ఏదో ఒక చిన్న పని చక్కబెట్టుకునేదాన్ని. పెన్నులో సిరా పోసుకోవడం, హాజరు పట్టీలో గీతలు గీసుకోవడం లాంటివి. సమయం వృథా చేయని మనిషినని నన్ను నేనే మెచ్చుకునేదాన్ని కూడా. చివరికి నా కొంప ముంచింది ఆ మెచ్చుకోలే.

ఉద్యోగం ఏడాది పాటు పరీక్ష మీద. ఏడాది చివర పెద్ద టీచరుగారు, అంటే మా హెడ్మిస్ట్రెస్, నా గురించి రాసే నాలుగు మాటలు చూసి నన్ను ఉంచాలో పంపాలో కమిటీ తేలుస్తుంది. నేను కాకపోతే ఇంకెవరిని ఉంచుకుంటారన్నది నా ధీమా. కానీ ఇంట్లో పరిస్థితి వేరు. నాన్నగారు రిటైరై ఆర్నెల్లయింది, తమ్ముడింకా కాలేజీలో ఉన్నాడు. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. తెలియని విషయం కాబట్టి దాన్ని గురించి ఆలోచించకుండా జాగ్రత్తపడేదాన్ని.

పెద్ద టీచరుగారిని పిల్లలు చాటుగా గంజి టీచరనేవారు. హాస్టల్లో అన్నం వార్చిన గంజిలో ఒక చెంబుడు ప్రతిరోజూ ఆవిడ చీరల కోసం పక్కన పెట్టాల్సిందే. ఆవిడ నూలు చీరలు తప్ప కట్టేవారు కాదు. అవి అట్టముక్కల్లా నిలబడి, నడుస్తుంటే బరబరమని చప్పుడు చేసేవి. ఆ చప్పుడు వరండా మలుపులో వినబడగానే పదో తరగతి నుంచి మొదలై ఆరో తరగతి దాకా వరసగా నోళ్ళు మూతబడేవి. వాటన్నిటిలోకీ ఒక చీర ప్రత్యేకం. తెల్లటి చీర, సన్నటి నీలం అంచు. పేరాలలో వాళ్ళ నాన్నగారు మగ్గం మీద తన చేత్తో నేసిన ఆఖరి చీర అది. క్రిస్మస్‌కీ, కమిటీవాళ్ళు వచ్చే రోజుకీ తప్ప బయటికి తీసేవారు కాదు. ఆ చీర కట్టిన రోజున ఆవిడ కుర్చీలో వెనక్కి ఆనుకోవడం కూడా నేను చూడలేదు.

ఇలా ఉండగా వానాకాలంలో హాస్టలు పిల్లలు కొందరికి పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం రావడం మొదలైంది. ఊళ్ళో డాక్టరుగారు వచ్చి నోళ్ళు తెరిపించి చూసి, తిండిలో సి విటమిన్ తక్కువైందని, కొన్నాళ్ళ పాటు మాత్రలు ఇవ్వమని చెప్పి వెళ్ళారు. మాత్రలు కొనడానికి కమిటీ ఒప్పుకుంది. అయితే కమిటీ పెద్ద, చర్చి పాస్టరుగారు (ఆయన్ని అందరూ అయ్యగారనేవారు) ఒక చిక్కు పెట్టారు. బజారులో ఈ మాత్రలు నాలుగైదు రకాలున్నాయట, ఏ రకం కొనాలో తెలిసినవాళ్ళెవరైనా చూపించి చెబితే అది తెప్పిద్దామన్నారు. పెద్ద టీచరుగారు నన్ను పిలిచి, తెలుసా అని అడిగారు. తెలియదన్న మాట ఆ వయసులో నా నోట ఎలా వస్తుంది? అదెంత పనండీ, వచ్చే మంగళవారం అయ్యగారి ఎదుటే ప్రయోగం చేసి చూపిస్తానన్నాను. ఏం ప్రయోగమో అప్పటికింకా నాకూ తెలియదు.

ఆ శనివారం తెనాలి వెళ్ళి మా బ్యాగు బావను పట్టుకున్నాను. మేనత్త కొడుకు. ఒక మందుల కంపెనీకి తిరుగుతూ, డాక్టర్లను కలిసి మందులు అమ్ముకొచ్చేవాడు. తోలు బ్యాగు లేకుండా నేనెప్పుడూ వాణ్ణి చూడలేదు, పెళ్ళివిందులో కూడా బంతిలో పక్కన పెట్టుకునేవాడు. సి విటమిన్ అనగానే బ్యాగు తెరిచి మా వసారా గట్టు మీద కొలువు పెట్టేశాడు. మొదటిది మింగే మాత్ర, తెల్లగా ఉంటుంది, రుచీ రంగూ కలపని పేదమాత్ర. రెండోది నమిలే మాత్ర, నారింజ రంగు, నారింజ రుచి. మూడోది నీళ్ళలో వేస్తే బుసబుసమని పొంగే మాత్ర, బొంబాయి సరుకు, పెద్ద ఆఫీసర్లు తాగేది. నాలుగోది పసిపిల్లలకు పోసే చుక్కల మందు. ఒక్కోదాని గురించి చెబుతున్నప్పుడు మిగతా మూడూ దండగన్నట్టే చెప్పాడు. ఇంతకీ అన్నిట్లోకీ మంచిదేంటి బావా అని అడిగితే మాత్రం కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"నేను ఏ డాక్టరు ముందు కూర్చున్నానో చెప్పవే, దాన్నిబట్టి చెబుతాను."

బావ దగ్గర ఉన్నది అమ్మకం, నా దగ్గర ఉన్నది శాస్త్రం అనుకుని, నాలుగు రకాల శాంపిళ్ళూ సంచీలో వేసుకుని ఆదివారం బండెక్కాను. తెనాలి దాటగానే బుద్ధి ఊరుకోలేదు. పొంగే మాత్ర ఎలా పొంగుతుందో చూద్దామని నా మరచెంబులో నీళ్ళుంటే అందులో ఒకటి వేసి, పక్కవాళ్ళ మీద పడకూడదని మూత గట్టిగా బిగించాను. (కెమిస్ట్రీలో ఫస్టు క్లాసు అని ముందే మనవి చేశాను.) చెంబు బుసలు కొట్టడం మొదలెట్టింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ కాళ్ళు సీటు మీదికి తీసుకుని, చెంబులో ఏం పెట్టుకొస్తున్నావమ్మాయ్ అని అడిగింది. మూత తిప్పితే రాలేదు. ఇంకా గట్టిగా తిప్పితే వచ్చింది. భట్టిప్రోలు వచ్చేలోపు నేనూ, ఆ పెద్దావిడా, ఆవిడ ఒళ్ళోని అరటి గెలా నిండా సి విటమిన్‌లో తడిశాం. పొంగే మాత్ర హాస్టలుకు పనికిరాదని అక్కడే తీర్మానించాను. బిగుసుకున్న మూతల గురించి కూడా ఏదైనా తీర్మానించుకుని ఉండాల్సింది, కానీ ఆ పాఠం నాకు తట్టలేదు.

రేపల్లెలో పిల్లలకు నమిలే మాత్ర తలా ఒకటి రుచి చూపించాను. అంతే, ఆ సాయంత్రం నుంచి నేనెటు వెళితే అటు నారింజ రంగు నాలుకలు నా వెంట నడిచాయి. చిగుళ్ళు బాగున్న పిల్లలు కూడా చిగుళ్ళు పట్టుకుని వచ్చారు. ఇక వేరే ఆలోచన ఎందుకు? చుక్కల మందు అంతమందికి పోయడం కుదరదు, తెల్లమాత్ర నోట్లో పెట్టుకుంటే ముఖం చిట్లించుకునేంత పులుపు, నారింజదే మా స్కూలు మాత్ర అని నా మనసులో ఖాయమైపోయింది. మంగళవారం నాటి ప్రయోగం పేరుకే.

ఆ ప్రయోగం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. గంజిలో నాలుగు చుక్కలు టింక్చరు, అదే దెబ్బలకు రాసే టింక్చర్ అయోడిన్, వేస్తే గంజి ముదురు నీలంగా మారిపోతుంది. అందులో సి విటమిన్ కలిపిన నీళ్ళు పోస్తే ఆ నీలం విరిగి మళ్ళీ తెల్లనవుతుంది. చూసేవాళ్ళకు గారడీలా ఉంటుంది, చేసేవాళ్ళకు గొప్పగా ఉంటుంది. మంగళవారం పొద్దున్నే సైన్సు గదిలో బల్ల మీద నాలుగు గ్లాసుల్లో నాలుగు రకాల మాత్రల నీళ్ళూ, వాటి ముందు నాలుగు గ్లాసుల పల్చటి గంజీ వరసగా పెట్టాను. గంజి తెచ్చిచ్చింది మా హాస్టలు వంటావిడ. ఆవిణ్ణి పిల్లలూ టీచర్లూ అందరం అత్తమ్మా అనేవాళ్ళం. గంజి చెంబు నా చేతికిస్తూ, పెద్ద టీచరుగారి చీరకు పెట్టగా మిగిలిందమ్మా అంది. ఆ మాట విన్నాను. విని కూడా నాకు ఏమీ తట్టలేదు. ఈ కథలో ఇంత పెద్ద సైన్సు టీచరు చేసిన అసలు తప్పు అదే.

పదిన్నరకు వరండాలో బరబరమని చప్పుడైంది. పెద్ద టీచరుగారు ఆ తెల్లచీరలో వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. కొంగు భుజం మీదుగా ముందుకు తిప్పుకుని ఉన్నారు, దాని చివర బల్ల అంచు దాకా వేలాడుతోంది. అయ్యగారు వచ్చేలోపు ఈ పని మీద ఒక ప్రార్థన చేసుకుందామన్నారు. అత్తమ్మ కూడా పొయ్యి దగ్గర నుంచి వచ్చి, తడిచేతులు తుడుచుకుని చేతులు కట్టుకుంది. కళ్ళు మూతబడ్డాయి. నేను అలవాటు ప్రకారం తల వంచి, ఈ లోపల చేయాల్సిన పని ఏముందా అని చూశాను. టింక్చరు సీసా ఉంది. దాని బిరడా ఎండిపోయి బిగుసుకుని ఉంది. ప్రార్థన అయ్యేసరికి అది తీసి సిద్ధంగా ఉంచితే అయ్యగారి ముందు తడుముకోనక్కర్లేదు. సీసా పొట్టకు ఆనించుకుని, పెద్ద టీచరుగారి గొంతు కాస్త పెరిగినప్పుడల్లా ఆ చాటున బిరడా తిప్పాను. ఆవిడ పిల్లల చిగుళ్ళ కోసం ప్రార్థిస్తుండగా అది టప్పున ఊడింది.

మూడు చుక్కలు. ఒకటి రూపాయి బిళ్ళంత, రెండు పెసరగింజలంత. మూడూ ఆ తెల్లకొంగు మీద పడ్డాయి. టింక్చరు మరక గోధుమ రంగు కదా, ఎలాగో ఒకలా ఉతికిస్తే పోతుందిలే అనుకునేంత వ్యవధి కూడా ఇవ్వకుండా, నా కళ్ళ ముందే ఆ మూడు చుక్కలూ నల్లగా మారిపోయాయి. బల్ల మీద నాలుగు గ్లాసుల్లో గంజి పెట్టుకున్నానే గాని, ఎదురుగా ఆరు గజాల గంజి నిలబడి ఉందన్న సంగతి మరిచిపోయాను. ఆవిడకు తెలియదు. కళ్ళు మూసుకుని, మా స్కూలుకు మంచి సైన్సు టీచర్ని ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెబుతున్నారు.

ఆ క్షణాన నాకు మా నాన్నగారి ముఖం కనబడింది, తమ్ముడి ఫీజు కనబడింది, అన్నిటికన్నా ఎక్కువగా ఆ చీర నేసిన, నేనెన్నడూ చూడని ఆ పెద్దాయన చేతులు కనబడ్డాయి. నిజంగా ఏడుపొచ్చింది. కానీ ధైర్యం నా జన్మహక్కు కాబట్టి మరు క్షణమే ఒక మెరుపు కూడా మెరిసింది. నీలాన్ని విరిచే మందు నా ఎదురుగానే నాలుగు గ్లాసుల్లో ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, చేతికి అందిన మొదటి గ్లాసులో నా రుమాలు ముంచి, కొంగును లాగకుండా, ఊపిరి బిగబట్టి పెద్ద మరక మీద అద్దాను. నలుపు పోయింది. నేను చెప్పేది నమ్మండి, పలక మీద గీత తుడిచినట్టు పోయింది. శాస్త్రానికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత రుమాలు తీసి చూస్తే, నలుపు ఉన్న చోట చక్కటి నారింజ రంగు మచ్చ ఉంది. నేను ముంచింది నమిలే మాత్ర గ్లాసులో.

అప్పటికి ఆవిడ ప్రార్థన చివరికొచ్చింది. ఇంకా రెండు నల్లచుక్కలు అలాగే ఉన్నాయి. తలెత్తి చూస్తే అత్తమ్మ నన్నే చూస్తోంది. ఆవిడ కుడికన్ను మూసి ఉంది, ఎడమకన్ను తెరిచి ఉంది. (తర్వాత అడిగితే, పొయ్యి మీద పాలున్న మనిషి రెండు కళ్ళూ ఎలా మూసుకుంటుందమ్మా అంది.) చూసింది చూసినట్టే ఉండి, పెద్ద టీచరుగారు ఆమెన్ అనబోయేలోపు గట్టిగా అందుకుంది.

"ప్రభువా, వంటదాన్ని, నేను కూడా ఒక మాట చెప్పుకుంటాను తండ్రీ."

ఆ ఒక్క మాట ఎంత పొడుగో ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. ముందు ఆకాశాన్నీ భూమినీ సృష్టించినందుకు స్తోత్రం చెప్పింది. తర్వాత సముద్రాన్ని, అందులో చేపల్ని, వాటిని తెచ్చే నిజాంపట్నం పడవల్ని తలుచుకుంది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లల్ని వరసగా పేరుపేరునా దీవించమంది. మధ్యలో ఒక పిల్ల పేరు గుర్తు రాకపోతే, ఆ పొట్టిపిల్ల నీకు తెలుసు ప్రభువా అంది. నేను ఈ లోపల తెల్లమాత్ర గ్లాసు వెతికి, రుమాలు రెండో కొన ముంచి ఒక చుక్క అద్దాను. పోయింది. ఏ రంగూ రాలేదు. మూడో చుక్క బల్ల అంచు చాటున మడతలో ఉంది, చేతికి అందడం లేదు. అత్తమ్మ నా తిప్పలు చూసి, పిల్లలు అయిపోయాక ప్రార్థనలోనే వంటింట్లోకి వెళ్ళింది. పెద్ద డేగిసా, చిన్న డేగిసా, చిల్లు పడి మాటు వేయించిన బాల్చీ, పిడి ఊడిన గరిట, ఒక్కొక్కదాన్నీ దేవుడి కాపుదలకు అప్పగించింది. అప్పడాల పీట దాకా వచ్చేసరికి మూడో చుక్క కూడా పోయింది. నేను లేచి నిలబడ్డాను. అత్తమ్మ వెంటనే ఆమెన్ అంది.

కళ్ళు తెరిచి చూస్తే గుమ్మంలో అయ్యగారున్నారు. ప్రార్థన మధ్యలో వచ్చి, పద్ధతి ప్రకారం అక్కడే ఆగి, గొడుగు చంకన పెట్టుకుని ఆయన కూడా కళ్ళు మూసుకుని నిలబడ్డారట. వంటావిడ ప్రార్థన చాలా బాగుందని మెచ్చుకుని కూర్చున్నారు. పెద్ద టీచరుగారు కొంగు వైపు చూడలేదు. ప్రయోగం మొదలుపెట్టు అన్నారు. గ్లాసుల్లో గంజి నీలమైంది, నాలుగు రకాలూ నాలుగు గ్లాసుల నీలాన్నీ విరిచాయి. అయ్యగారు చప్పట్లు కొట్టారు.

అయ్యగారు అసలు ప్రశ్న వేశారు. "నాలుగూ ఒకే పని చేశాయి కదమ్మా. మరి ఏది కొనమంటావు?"

జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. నమిలే మాత్రండీ, పిల్లలకు ఇష్టమండీ, అని రెండు ముక్కలు చెబితే అయిపోతుంది. ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోతారు. కొంగు మీద మచ్చ ఎప్పుడో సాయంత్రం బయటపడుతుంది, అది వంటింట్లోదో బజారుదో ఎవరికి తెలుస్తుంది? నోరు తెరిచాను కూడా. అప్పుడు పెద్ద టీచరుగారి వైపు చూశాను. ఆవిడ నా వైపే చూస్తున్నారు. ఆ చూపులో కోపం లేదు, ఏదో వినడానికి ఎదురుచూస్తున్నట్టుంది. అబద్ధం చెప్పే ధైర్యం ఒక్కటే నా దగ్గర తక్కువైందని ఆ రోజే తెలిసింది.

"తెల్లది కొనండి. నారింజది ఎందుకొద్దంటే, పెద్ద టీచరుగారి కొంగు చూడండి. ప్రార్థనలో నేను కళ్ళు మూసుకోకుండా సీసా తీశానండి. టింక్చరు పడింది. తుడవబోయి ఇంకో మరక చేశాను."

అత్తమ్మ మెల్లగా, పాలు పొంగుతాయంటూ గుమ్మం వైపు జరిగింది. పెద్ద టీచరుగారు కొంగు చేతిలోకి తీసుకుని బల్ల మీద పరిచారు. తడి ఆరని మూడు చోట్లలో రెండు తెల్లగానే ఉన్నాయి, ఒకటి నారింజ రంగులో ఉంది. దాని మీద వేలు పెట్టి అయ్యగారికి చూపించారు.

"చూడండయ్యగారూ, ఇది నమిలే మాత్ర. ఈ రెండూ తెల్లమాత్రలు. మా సైన్సు టీచరు ప్రయోగం బల్ల మీద కంటే నా చీర మీదే బాగా చేసింది."

అయ్యగారు ముందు తలుపు వైపు తిరిగి దగ్గారు. తర్వాత ఆ దగ్గు నవ్వయింది. లోపల సరుకు ఒకటే అయినప్పుడు రంగుకూ రుచికీ డబ్బెందుకు, తెల్లవే తెప్పిద్దామని తేల్చి వెళ్ళిపోయారు. మేమిద్దరమే మిగిలాక నేను ఇక ఆపుకోలేక ఏడ్చేశాను. చీర తెనాలి తీసుకెళ్ళి మంచి చాకలి చేత మచ్చ తీయిస్తానన్నాను. మీకు తెలియకుండా తుడిచేద్దామనుకున్నాను, క్షమించండి అన్నాను.

"తెలియకుండానా? నేసినవాడి కూతుర్నమ్మా. గంజిబట్ట మీద నీటిచుక్క పడి అది మెత్తబడితే, కట్టుకున్నదాన్ని, నాకు తెలియదా?"

అంటే మొదటి చుక్క నుంచీ తెలుసు. మరి ఎందుకు కళ్ళు తెరవలేదండీ అని అడిగాను. ఆవిడ కొంగు మళ్ళీ భుజం మీద వేసుకున్నారు.

"ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవకూడదని ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. ఒక్క చీర కోసం ఎలా తెరుస్తాను?"

తర్వాత ఆ నారింజ మచ్చకు జానెడు దూరంలో ఒకచోట చూపించారు. దగ్గరగా చూస్తే అక్కడ ఒక పోగు తప్పి ఉంది. చూపు ఆనని వయసులో వాళ్ళ నాన్నగారు నేస్తూ తప్పించిన పోగట. చీర ఇచ్చేటప్పుడు ఆయనే దాన్ని వెతికి చూపించి, ఇది నేనేనమ్మా అని నవ్వారట. ఇప్పుడు దాని పక్కన నువ్వు కూడా ఉండు అని ఆవిడ వెళ్ళిపోయారు. వరండాలో ఆ బరబర చప్పుడు దూరమయ్యేదాకా నేను బల్ల పట్టుకుని నిలబడే ఉన్నాను.

తెల్లమాత్రలు వచ్చాయి. పిల్లలు వారం రోజులు నన్ను శత్రువులా చూశారు. అత్తమ్మ వాటిని పొడికొట్టి చారులో మరిగిస్తానంటే, మరిగితే అందులో ఇంకేమీ మిగలదత్తమ్మా అని బతిమాలి, చల్లటి మజ్జిగలో కలపడానికి ఒప్పించాను. ఆవిడ అందులో కాస్త ఉప్పూ కరివేపాకూ వేసేసరికి పిల్లలు రెండో గ్లాసు అడిగారు. అర్ధ సంవత్సరం పరీక్షల నాటికి చిగుళ్ళు బాగయ్యాయి. బ్యాగు బావకు ఈ సంగతంతా చెబితే, మిగతాదంతా వదిలేసి, మరకలు తీయడానికి కూడా పనికొస్తుందని డాక్టర్లకు చెప్పొచ్చా అని అడిగాడు.

ఏడాది చివర పెద్ద టీచరుగారు నా గురించి రాసిన కాగితం నాకు చదివే అవకాశం వచ్చింది (అవకాశమంటే, ఆవిడ ప్రార్థన చేస్తుండగా కాదు, నిజంగా ఆవిడే చూపించారు). అందులో ఇలా ఉంది: "పాఠం బాగా చెబుతుంది. తప్పు చేస్తే ఒప్పుకుంటుంది. చేసిన తప్పును వెంటనే బాగు చేయబోతుంది. అప్పుడు మాత్రం పక్కన ఒకరు ఉండాలి." ఉద్యోగం ఖాయమైంది. ఆ కాగితం చదివి చాలా పొగిడారని అమ్మకు ఉత్తరం కూడా రాశాను. చివరి వాక్యం పూర్తిగా అర్థమవడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

అదే స్కూల్లో నేనూ ముసలిదాన్నయ్యాను. పెద్ద టీచరుగారు రిటైరైన రోజున ఆ తెల్లచీరే కట్టుకొచ్చి, వెళ్ళేముందు నన్ను పిలిచి నారింజ మచ్చ చూపించారు. ఎన్ని ఉతుకులు పడ్డా లేత పసుపుగా ఇంకా ఉంది. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ కుర్చీలో నేను కూర్చున్నాను. ఇప్పుడు మందుల షాపుకెళితే సి విటమిన్ మిఠాయి బిళ్ళల్లా, పొడిలా, పొట్లాల్లా వరసగా చూపించి ఏ రకం కావాలండీ అని అడుగుతారు. తెల్లది అంటాను. అది చవకరకం అని సంకోచంగా చెబుతారు. నేను దాని మీద ప్రయోగం చేశానని మాత్రం చెప్పను.

రిటైరయ్యే ఏడాది, అదే సైన్సు గదిలో, కొత్తగా చేరిన ఒక సైన్సు టీచరమ్మాయి ఏదో చూపించబోతుంటే ముందు ప్రార్థన చేద్దామన్నాను. అప్పటికి నేను నిజంగానే కళ్ళు మూసుకోవడం నేర్చుకుని చాలా కాలమైంది. సగంలో ఉండగా బల్ల మీద ఠప్పున చప్పుడైంది. గాజు పగిలిన చప్పుడు. ఎవరో గాభరాగా ఊపిరి పీల్చుకోవడం, గబగబా గుడ్డతో తుడవడం కూడా వినబడింది. అంత తొందరగా ఎలా అయిపోతుంది పాపం? నేను కళ్ళు తెరవలేదు. ఆకాశానికీ భూమికీ స్తోత్రం చెప్పాను, పిల్లల పేర్లు వరసగా చెప్పాను, అది కూడా చాలలేదనిపించి వంటింట్లోకి వెళ్ళి, పెద్ద డేగిసా దగ్గర మొదలుపెట్టాను.